కరెంటు లేని గిటారు

తెల్ల కారు కిందికి పొడుగు కర్రకు బిగించిన అద్దం తోసి, దాన్ని అటూ ఇటూ తిప్పి, సైలెన్సర్ పక్కన ఎండిన మట్టి తప్ప ఏమీ లేదని తేలాక కూడా సోమయ్య కారును వదల్లేదు. డిక్కీ తెరవమన్నాడు. అందులో స్టెప్నీ టైరు, పిల్లల క్రికెట్ బ్యాటు, సగం ఖాళీ అయిన నీళ్ల క్యాను ఉన్నాయి. బ్యాటును తిప్పి తిప్పి చూశాడు. క్యానును ఊపి ఆ చప్పుడు విన్నాడు. స్టీరింగ్ ముందున్నాయన ఈ కాలనీలో అందరికంటే ముందు గృహప్రవేశం చేసినవాడు, ఏళ్లుగా ఇదే గేటులోంచి ఆఫీసుకు పోతున్నవాడు, వేళ్లతో స్టీరింగ్ మీద దరువేస్తున్నాడు.

“సోమయ్యా, నా కారేగా!”

“మీ కారే సార్, ఎవరు గాదన్నరు? మీరు పన్నంక కింద ఎవడేం గట్టిండో మీకు తెల్వదు గదా.”

కారు కదిలాక సోమయ్య అద్దాన్ని గోడకు ఆనించి మళ్లీ తన చోట నిలబడ్డాడు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు పోయే రోడ్డు పక్కన, మేఘమాల విల్లాల గేటు ముందు, వీపు కాలనీ వైపు, మొహం రోడ్డు వైపు. నలభై దాటిన మనిషి. సన్నటి మెడ, కంపెనీ ఇచ్చిన నీలం చొక్కాలో భుజాలు ఎక్కడో వెతుక్కోవాలి, టోపీ కింద రెండు చెవులూ కాస్త బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మిగతా గార్డులు కుర్చీ లోపలి వైపు తిప్పుకుని, వచ్చే పోయే ఆడవాళ్లకు నమస్తే పెడుతూ కూర్చుంటారు. సోమయ్య తిరగడు. వెనక ఏం జరిగినా అతనికి చెవులతోనే తెలుస్తుంది. ఎవరి కుక్క అరిచింది, ఎవరి మోటారు ఆన్ చేసి మరిచిపోయారు, ఎవరి చెప్పు తెగింది, అన్నీ.

పూలబ్బాయి బుట్టలో చెయ్యిపెట్టి అడుగుదాకా కలిపాడు. కొరియర్ వాడి చేత హెల్మెట్ తీయించి, ఫోన్‌లో ఉన్న ఫొటోతో మొహాన్ని పోల్చి, “గడ్డం ఎందుకు తీసినవ్?” అని అడిగాడు. ఇంట్లో భార్య నర్సమ్మ కూడా అంటూ ఉంటుంది, అన్నం కుండ మూత తీసి చూసినంత అనుమానంగా తన మొహం చూస్తాడని.

తారాబాయి వస్తూనే చేతిసంచి తనే తెరిచి అతని ముక్కు కింద పెట్టింది. దగ్గర్లోని తండా నుంచి వచ్చి నాలుగిళ్లలో పనిచేస్తుంది. మూలమీది విల్లా అందులో ఒకటి.

“చూడన్నా, మంచిగ చూడు. రొట్టె కింద బంగారం దాచిన.”

“వచ్చేటప్పుడు గాదు, పొయ్యేటప్పుడు చూస్త.”

“ఏండ్ల సంది నా డబ్బా తెరుస్తున్నవ్. ఒక్కనాడన్న ఒక్క ముక్క తిన్నవా? గా పుణ్యమన్న నాకు దక్కుతుండె.”

సోమయ్య నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “మూలమీది ఇంట్ల సార్ కనిపిస్తలేడు గదా.”

“మేడం జెప్పింది గదా, కాకినాడ పోయిండని.”

“గది నాక్కూడ జెప్పింది. నువ్వు పైకి పోయి చూసినవా?”

తారాబాయి సంచి మూసింది. నవ్వు కాస్త తగ్గింది. “పై గదికి తాళం ఉంది. ఊడుస్తనంటె వద్దంది మేడం. ఇంగో మాట. సార్ పొద్దుగాల నడిచే బూట్లు మెట్ల మీదనే ఉన్నయ్. కండ్లద్దాల డబ్బా ఫ్రిజ్ మీద ఉంది. కాకినాడకు చెప్పులేస్కొని, కండ్లద్దాలు లేకుంట పోయిండా?”

సోమయ్య తల ఒక్కసారి ఊపి, రోడ్డు వైపు తిరిగాడు. అతని మెడ మీద నరం ఒకటి లేచి కనబడుతోంది.

మూలమీది విల్లా సార్ పేరు హేమచంద్. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి మానేసినాయన. సోమయ్య అంతకంటే ఎక్కువ ఎవరికీ చెప్పలేదు, నర్సమ్మకు కూడా. చెప్పాలంటే మచ్చ బొల్లారం దాకా పోవాలి, పెంకులెగిరిపోయిన ఆ కోళ్ల షెడ్డు దాకా పోవాలి.

అప్పుడు సోమయ్య అరటిపండు రంగు నిక్కరు వేసుకునే పిల్లవాడు. ఖాళీ అయిపోయిన కోళ్ల షెడ్డులోకి నలుగురు కుర్రాళ్లు వచ్చేవాళ్లు. జాలీలకు గోనెసంచులు కుట్టి, కోళ్ల ఎరువు వాసన పోవడానికి ఊదుబత్తులు ముట్టించి, వాయించేవాళ్లు. పెళ్లి ఊరేగింపుల్లో విన్న బ్యాండు కాదది. సినిమా పాట కాదు. ఆ మొదటిరోజు గోనెసంచి ఇవతల నిలబడిన పిల్లవాడి కడుపులో ఎవరో గిన్నెలు దొర్లించినట్టయింది, ఆకలి అనుకున్నాడు, కాదు, ఇంటికి పోయి తిన్నా పోలేదు, మళ్లీ పరిగెత్తుకొచ్చాడు. డ్రమ్ము మీద ఎర్ర రంగుతో ‘పవర్ కట్’ అని రాసి ఉండేది. బ్యాండు పేరు అదే. వాయించడం మొదలుపెట్టిన ప్రతిసారీ కరెంటు పోయేది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు.

ఎర్ర గిటారు వాయించే హేమచంద్ ఒకరోజు బయటికొచ్చి వాణ్ని చూశాడు. “ఒరేయ్, రోజూ వస్తున్నావుగా. ఒక పని చేస్తావా? ఇక్కడ తలుపు దగ్గర నిలబడు. ఎవరొచ్చినా ముందు ఆపు. అడగడం తర్వాత. అర్థమైందా?”

అర్థమైంది. తలుపుకు వీపు పెట్టి, దారి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఆ రోజు నుంచి వాడి పేరు ‘గేటు’. అసలు పేరు ఎవరూ అడగలేదు.

హేమచంద్ తండ్రి పట్టాభిరామయ్య కొడుకు ట్యూషన్‌లో ఉన్నాడనుకునే మనిషి. ఒక సాయంత్రం ఎవరో చెబితే స్కూటరు మీద నేరుగా షెడ్డుకే వచ్చేశాడు. లోపల డ్రమ్ములు దడదడలాడుతున్నాయి.

“ఏంట్రా అబ్బాయ్, ఏంటీ మోత?”

“షెడ్డుల నాగుంబాము జొచ్చింది సార్. పట్టేటాయన లోపల ఉన్నడు. డప్పు గొట్టి బెదిరిస్తుండు.”

“డప్పు కొడితే పాము వస్తుందా?”

“రాదు సార్. పోతది.”

పట్టాభిరామయ్య పంచె పైకి ఎత్తిపట్టుకుని, స్కూటరును వెనక్కి వెనక్కి నడిపించుకుంటూ పోయాడు. లోపల నలుగురూ నేల మీద పడి నవ్వారు. గేటు మాత్రం నవ్వలేదు, ఆయన మూల తిరిగేదాకా చూస్తూనే ఉన్నాడు, ఎందుకంటే నమ్మినట్టు నటించి వెనక నుంచి రావచ్చు.

వాళ్లు వాయిస్తుండగా వాడు ఒక్కసారి కూడా చూడలేదు. వీపుతో విన్నాడు, అంతే. అయితే ఇంకెవరికీ లేనిది ఒకటి వాడికి దక్కింది. కరెంటు పోయినప్పుడు స్పీకరు చచ్చిపోయేది, ఎర్ర గిటారు మూగబోయేది, డ్రమ్ములు మాత్రం మోగుతూనే ఉండేవి. కానీ హేమచంద్ చేతులు ఆపేవాడు కాదు. తలుపు చెక్కకు ఆనుకున్న పిల్లవాడికి ఆ మోతల సందుల్లోంచి ఉట్టి తీగల చప్పుడు వినబడేది. చెంచా స్టీలు గిన్నె అంచుకు తగిలినట్టు, సన్నగా, ఎవరి కోసమూ కానట్టు. పాట అంటే వాడికి అదే అయిపోయింది.

బ్యాండు ఆగిపోయిందని ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం వెళితే షెడ్డుకు తాళం ఉంది. వాడు తాళానికి వీపు పెట్టి చీకటి పడేదాకా నిలబడ్డాడు. మర్నాడూ నిలబడ్డాడు. ఉద్యోగాలొచ్చాయని, వెళ్లిపోయారని షెడ్డు యజమాని అన్నాడు. వాడు నమ్మలేదు. తండ్రులు ఏదో చేసి ఉంటారు. ఎవరో వాళ్లను మాట్లాడనివ్వకుండా చేసి ఉంటారు. అప్పటి నుంచి మూసిన తలుపు గురించి ఎవరేం చెప్పినా అతనికి నమ్మకం కుదరదు. మేడ్చల్ గోడౌను, ఫంక్షన్ హాలు, తర్వాత ఏటీఎం, ఎక్కడైనా ఒకటే పని. తలుపుకు వీపు పెట్టి నిలబడటం. ఇంకో పని వెతుక్కోవాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఈ కాలనీకి వచ్చిన కొత్తలో ఒక మధ్యాహ్నం రౌండు కొడుతుంటే మూలమీది విల్లా దగ్గర ఏదో చప్పుడు. ఎవరో కేబులు కోస్తున్నారనుకుని లాఠీ ఎత్తి, గోడకు అంటుకుని నడిచాడు. పై గది కిటికీలోంచి వస్తోంది. చెంచా, గిన్నె అంచు. లాఠీ చేతిలోనే ఉండిపోయింది. ఇరుగుపొరుగు గొడవ చేస్తారని సార్ స్పీకరు పెట్టకుండా వాయించుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

తానెవరో చెప్పవచ్చు. కానీ గేటు దగ్గర గార్డు వచ్చి ‘సార్, చిన్నప్పుడు మీ తలుపు కాసింది నేనే’ అంటే ఏమనుకుంటారు? అడ్వాన్సు అడగడానికి కథ చెబుతున్నాడు అనుకుంటారు. సోమయ్య అయితే అదే అనుకునేవాడు. అందుకే చెప్పలేదు. రోజూ రౌండు మాత్రం మూలమీదికి రాగానే నెమ్మదించేది. ఒకసారి సార్ నడకకు పోతూ ఆగి, “నువ్వెప్పుడూ రోడ్డు వైపే చూస్తావేంటి సోమయ్యా? కాస్త లోపలికి కూడా చూడొచ్చుగా” అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో సోమయ్య ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇప్పుడు ఆ కిటికీ మూసి ఉంది. చాలా రోజులుగా తీగ మోగలేదు. సార్ భార్య శ్రీదివ్య మేడం పొద్దున క్యాబులో పోయి పొద్దుపోయాక వస్తోంది, కళ్లు ఎర్రగా ఉంటున్నాయి. ఆమె మేనల్లుడట, దీక్షిత్ అనే కుర్రాడు, చెవికి పోగు, జుట్టు పిలక, బండి మీద వస్తాడు, సంచితో పోతాడు. పోయినవారం స్పీకరు పెట్టె తీసుకుపోయాడు. రిపేరుకన్నాడు. మేడం ఫోన్‌లో అవునంది, సోమయ్య వదిలాడు. మర్నాటి నుంచి తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు. మనిషిని పైన పెట్టి తాళం వేసి, ఒక్కొక్క సామానూ దాటిస్తున్నారు. ఇక మిగిలింది ఒక్కటే.

మధ్యాహ్నం ఎండ కేబిన్ రేకుల మీద చిటపటమంటున్నప్పుడు దీక్షిత్ వచ్చాడు. నేరుగా మూలకు పోయాడు. వచ్చినంత వేగంగా వెనక్కి వచ్చాడు. వీపు మీద పొడుగాటి నల్ల పెట్టె.

సోమయ్య గేటు కర్ర దించేశాడు.

“ఆగు బాబు. గదేంది?”

“గిటార్ అన్నా.”

“గిటారని నాకు తెల్వదా? ఎవరిది?”

“మామయ్యదే. ఆయనకే తీసుకెళ్తున్నా. కొంచెం తొందరగా తియ్యి, ప్లీజ్.”

“సార్ కాకినాడల ఉన్నడు గదా. గీ బండి మీద కాకినాడ వోతవా?”

కుర్రాడి మొహం మారింది. హెల్మెట్ అద్దం పైకెత్తాడు. “కాకినాడ కాదన్నా. అల్వాల్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడని అత్తయ్య అలా చెప్పింది.”

“మొన్న ఒక మాట, ఇయ్యాల ఒక మాట. పోయినవారం స్పీకర్ రిపేర్ అన్నవ్. అయ్యిందా రిపేరు?”

“అది... అది కూడా ఆసుపత్రికే తీసుకెళ్లానన్నా. నర్సులు వద్దన్నారు.”

“ఆసుపత్రిల స్పీకర్ ఎందుకు పెడ్తరు బాబు? నన్ను సూస్తె ఎట్ల గనిపిస్తున్న నీకు?” సోమయ్య చేయి చాపాడు. “మేడంకు ఫోన్ కొట్టు. ఆమె జెప్తె తీస్త.”

దీక్షిత్ ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగింది. మళ్లీ చేశాడు.

“చూసినవా. ఎత్తుతలేదు.”

“ఆయన పక్కన ఉండుంటుంది అన్నా. సైలెంట్‌లో పెట్టి ఉంటుంది. నీకు దండం పెడతా.”

వెనక ఒక కారు హారన్ కొట్టింది. అద్దం దించి ఒకాయన తల బయటపెట్టాడు. “వదిలెయ్ సోమయ్యా! దొంగలా ఉన్నాడా ఆ పిల్లాడు?”

“దొంగ దొంగలెక్కనే ఉంటడా సార్?” సోమయ్య కారుకు దారిచ్చి, బండిని మాత్రం పక్కకు తోయించాడు. పెట్టెను కుర్రాడి వీపు మీంచి తనే విప్పాడు. కేబిన్‌లో కుర్చీ మీద పెట్టి, క్లిప్పులు ఎత్తి, మూత తెరిచాడు.

ఎర్రగా ఉంది. అంచుల్లో రంగు పోయి కర్ర కనబడుతోంది. బొటనవేలు తగిలే చోట ఒక గుంట. ఇంత దగ్గరగా దాన్ని ఎన్నడూ చూడలేదు. అసలుదో కాదో, మార్చి ఇంకోటి పెట్టారో ఏమో. ఒక్కటే దారి ఉంది తెలుసుకోవడానికి. సోమయ్య చూపుడువేలితో లావు తీగను మెల్లిగా మీటాడు.

షెడ్డు తలుపు చెక్క వీపుకు తగిలినట్టయింది. ఊదుబత్తి వాసన కూడా వచ్చింది.

అసలుదే. సార్‌దే. ఇక ప్రాణం పోయినా దీన్ని దాటనివ్వకూడదు. మూత వేసి, క్లిప్పులు నొక్కి, కేబిన్ గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

“మేడం వస్తె ఆమె చేతికిస్త. నీకియ్య.”

దీక్షిత్ పెట్టె కోసం ముందుకొచ్చాడు. సోమయ్య కదల్లేదు. సన్నటి మనిషే, కానీ గుమ్మంలో బిగించినట్టు ఉన్నాడు. కుర్రాడు అరిచాడు, బతిమాలాడు, మళ్లీ ఫోన్ చేశాడు, చివరికి గట్టు మీద కూలబడ్డాడు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, ఎవరితోనో కాదు, నేలతో మాట్లాడినట్టు అన్నాడు.

“ఇంక చేసేదేం లేదన్నారు డాక్టర్లు. మామూలు గదికి మార్చారు. పొద్దున కళ్లు తెరిచి గిటార్ తెమ్మన్నాడు. స్పీకర్ ఎలాగూ రానివ్వరు మామయ్యా అంటే, కరెంటు అక్కర్లేదురా అన్నాడు. ఉట్టి తీగలు నువ్వు మీటు, నేను వింటాను అన్నాడు. చిన్నప్పుడు ఏదో షెడ్డులో వాయించేవాళ్లట. కరెంటు పోయినా ఆయన ఆపేవాడు కాదట. అదే బాగా వాయించేవాణ్నిరా, కానీ ఎవరికీ వినబడలేదు అన్నాడు.”

సోమయ్య గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకేశాడు. “ఎవరికీ?”

“ఎవరికీ వినబడేది కాదట.”

“వినబడేది.”

“ఏంటన్నా?”

సోమయ్య అప్పటికే లోపలికి తిరిగాడు. పెట్టె ఎత్తి తెచ్చి, కుర్రాడి భుజాలకు తనే తగిలించాడు, బెల్టు బిగించాడు, సరిగ్గా పడలేదని విప్పి రెండోసారి బిగించాడు. గేటు కర్ర ఆకాశంలోకి లేచింది. “పో బాబు. జల్దీ పో. ఏడ ఆగకు, గీ రోడ్డు మీదనే పో. సార్‌కు జెప్పు... జల్దీ పో ముందుగాల.”

బండి స్టార్టయింది. దీక్షిత్ జేబులో ఫోన్ మోగింది.

ఒక కాలు నేల మీద ఆనించి అతను ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఇంజను చప్పుడులో మామూలు మనిషికి ఏమీ వినబడదు. సోమయ్యకు వినబడింది. శ్రీదివ్య మేడం గొంతు. ఏడుపు లేదు, అలసట ఉంది.

“తొందరేం లేదు నాన్నా. ఇంక... నెమ్మదిగా రా.”

దీక్షిత్ ఇంజను ఆపేశాడు. ఫోన్ జేబులో పెట్టాడు. తర్వాత దిగి, పెట్టె వీపు మీంచి తీసి, కేబిన్‌లోకి నడిచి, కుర్చీ మీద ఉన్నచోటే మళ్లీ పెట్టాడు. గిటారు లోపలే ఉందో లేదో చూస్తున్నట్టు మూత ఒకసారి తెరిచాడు. మూయడం మరిచిపోయాడు.

“బండి మీద వెనక్కి లాగుతుంది అన్నా. తర్వాత తీసుకెళ్తా.”

తిట్టలేదు. కోపంగా చూడనైనా చూడలేదు. బండి రోడ్డెక్కి, వాహనాల్లో కలిసిపోయింది. సోమయ్య గేటు కర్ర దించడం గుర్తురాక అలాగే నిలబడ్డాడు. రెండు కార్లు, ఒక కూరగాయల ఆటో వాటంతట అవే లోపలికి పోయాయి. అద్దం గోడకు ఆని ఉంది.

పొద్దు వాలాక తారాబాయి పని ముగించుకుని వచ్చింది. సంచి తెరిచి పట్టుకుంది. అతను చూడలేదు. ఆమె ఇంకా దగ్గరగా పెట్టింది.

“ఏమైందన్నా, పానం బాగలేదా? ఇయ్యాల నిజంగనే గిన్నె ఎత్కపోయినా తెల్వదు నీకు.”

“పో తారమ్మా. చీకటి పడ్తాంది.”

ఆమె కేబిన్‌లోకి తొంగిచూసింది. “గదేంది కుర్సీల? ఎవరిది?”

“బయటికి వోవాల్సింది.” సోమయ్య రోడ్డు వైపే చూస్తున్నాడు. “నేను ఆపిన.”

ఇంకేదో అడగబోయి, అతని మెడ చూసి, తారాబాయి సంచి మూసుకుని వెళ్లిపోయింది.

నీళ్ల ట్యాంకరు ఒకటి శామీర్‌పేట వైపు నుంచి వచ్చి గేటు ముందు స్పీడ్ బ్రేకరు ఎక్కి, దభాలున దిగింది. కేబిన్ రేకులు అదిరాయి. ఆ వెనకే, రేకుల చప్పుడు ఆగాక, అతని వీపు వెనక నుంచి చెంచా గిన్నె అంచుకు తగిలినంత సన్నగా ఏదో మోగింది.

సోమయ్య వెనక్కి తిరిగాడు. తెరిచిన పెట్టెలో ఎర్ర గిటారు ఉంది, అన్నిటికంటే లావు తీగ ఇంకా కొంచెం వణుకుతోంది.